సైకిల్ బాట మీద కంబైన్

నా వీడ్కోలు సభలో మా బాస్ గ్లెన్ మైకు పట్టుకుని చెప్పిన కథ అబద్ధం. ఆయన ప్రేమగానే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అయినా అబద్ధమే. ఆ కథ ప్రకారం మా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, వేస్తున్న సైకిల్ బాటకి వెండెల్ అనే మొండి రైతు అడ్డం పడి కూర్చుంటే, నేను ఆయన ఇంటికి సమోసాలు పట్టుకెళ్ళాను. ఆయన ఒకటి తిన్నాడు, రెండోది అడిగి తిన్నాడు, మూడోది నములుతూ సంతకం పెట్టేశాడు. మేముండే చికాగో శివారు నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళ నోట్లో పడ్డాక ఆ సమోసాలు పులిహోర అయ్యాయి. ఈమధ్య ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ గోంగూర పచ్చడికి అమెరికన్ రైతు పడిపోయాడటగా!" అంది.

"పడిపోలేదండీ. ఆయన నిలబడ్డచోటే నిలబడ్డాడు. పక్కకి తప్పుకున్నది మేము," అన్నాను. ఆవిడకి ఆ మాట నచ్చలేదు. గోంగూరే బాగుందనుకుని వెళ్ళిపోయింది.

నేను వెండెల్ ఇంటికి మంచినీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళలేదు. సమోసాలు చేయడం నాకు రాదు. వచ్చినా ఉద్యోగం పని మీద వెళ్ళేటప్పుడు చేయను. ఒక ఇంజినీరు పొలానికి వెళ్ళి చూసి, తన ఆఫీసు గీసిన ప్లాను తప్పని తేల్చుకుని, వాదించి దాన్ని మార్పించిందంటే వినడానికి ఎవరికీ సరదాగా ఉండదు. ఇండియన్ ఆవిడ ఏదో తినిపించి మనసు కరిగించిందంటే అందరికీ హాయి. ప్లాను తప్పు కాదు, రైతుకి ఆకలేసింది, అంతే!

అసలు సంగతి ఒక్కటే. వెండెల్ పొలాన్ని పాత రైల్వే కట్ట రెండు చెక్కలుగా కోసింది. ఇటు చెక్క నుంచి అటు చెక్కకి ఆయన కోత యంత్రం, ఇక్కడ కంబైన్ అంటారు, దాటడానికి కట్ట మీద ఒక క్రాసింగ్ ఉండేది. సైకిల్ బాట కోసం దాన్ని మూసేస్తామని మేమన్నాం, దానికి ఆయన సంతకం కావాలి. మూస్తే ఏటా కోతల కాలంలో ఆయన భార్య లోయిస్ హైవే మీద ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళ్ళాలి. సమోసాల కథలో లోయిస్ లేదు. అందుకే ఆ కథంటే నాకు ఒళ్ళుమంట.

ఈ పనిలోకి రావాలనుకుంటున్న ఇద్దరు మన అమ్మాయిలు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, మొన్న ఫోన్ చేశారు. "ఆంటీ, లైక్, ట్రెయిల్ డిజైన్‌లో మెయిన్ థింగ్ ఏంటి?" అన్నారు. అప్పుడు చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. వాళ్ళ అమ్మలు చదివి వినిపించాలి. వినిపించేటప్పుడు నడుమ సొంత కవిత్వం కలపొద్దని మనవి.

వాన పడ్డాక వెళ్ళి చూడండి

నేను కాకినాడలో సివిల్ చదివి, ఇక్కడికొచ్చాక చాలాకాలం హైవేలు వేసే కన్సల్టెన్సీలో పనిచేశాను. 2001 తర్వాత కౌంటీలో బాటల విభాగంలో చేరాను. రైలు కంపెనీలు వదిలేసిన లైన్లు ఇల్లినాయ్‌లో ఎన్నో ఉన్నాయి. పట్టాలు తీసేసి, ఆ కట్టల మీద సన్న రాతిపొడి పరిచి, కార్లు తిరగని సైకిల్ దారులు చేయడం మా పని. చికాగో శివార్లు దాటి మొక్కజొన్న, సోయా చేల మధ్య నుంచి పోయే దారులు.

"అంటే కార్లు తిరగని రోడ్లన్నమాట. మరి దానికి ఇంజినీరెందుకండీ?" అని మా స్నేహితుడైన ఒక కార్డియాలజిస్టు నవ్వాడు.

"గుండెకి కూడా చక్రాలు లేవుగా డాక్టరుగారూ, మీరెందుకు మరి?" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో రోడ్ల గురించి మాట్లాడలేదు.

రాతిదారి అంటే లోకువ. తారు వేయడానికి చేతకాక కంకర పోశారనుకుంటారు. తారుదారి మీద మీరు చేసిన తప్పు చాలాకాలం దాక్కుంటుంది. రాతిదారి మీద మొదటి వానకే బయటపడుతుంది. అడుగున పెద్ద కంకర, పైన సున్నపురాయి పొడి. తడిపి రోలర్ తిప్పితే అది గట్టిపడి నేలలాగే అవుతుంది. మధ్యలో కొంచెం ఎత్తు, అంచులకి వాలు ఉండాలి. తూములు మూసుకుపోకూడదు. దారిని పాడుచేసేది సైకిలు కాదు, నిలిచిన నీరు. కాబట్టి దారి ఎలా ఉందో చూడాలంటే ఎండ కాసే రోజున కాదు, వాన వెలిసిన గంటలో వెళ్ళాలి. ఎండలో మాత్రమే వెళ్ళేవాణ్ణి నేను ఇంజినీరు అనను. ఫొటోగ్రాఫర్ అంటాను.

మీ ఇద్దరికీ చెప్పాల్సింది దాదాపు ఇంతే. దారిని దాని చెడ్డరోజున చూడండి. ఇక మిగతాది, ఆ చిన్న మాట మా ఆఫీసుకి ఎందుకు పట్టలేదన్నది.

గ్లెన్ ఆల్బం

గ్లెన్ చెడ్డవాడు కాదు. ఈ కౌంటీలో సైకిల్ దారులంటూ ఉన్నాయంటే ఆయన చలవే. రైలు కంపెనీలతో, టౌన్‌షిప్పుల వాళ్ళతో ఓపిగ్గా మాట్లాడి కట్టలు సంపాదించాడు. ఆరడుగుల మనిషి, ఆఫీసుకి సైకిల్ మీదే వచ్చేవాడు. ప్రతి వసంతంలోనూ భార్యతో కలిసి ఫ్రాన్స్ వెళ్ళి పల్లెల్లో సైకిల్ తొక్కొచ్చేవాడు. బర్గండీలో ద్రాక్షతోటల మధ్య తెల్లటి రాతిదారులు, పక్కన చిన్న గోడలు, దూరంగా చర్చి శిఖరం, దారి మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క కారు లేదు, ఒక్క మనిషి లేడు. ఆ ఫొటోలన్నీ ఒక ఆల్బంలో పెట్టాడు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదట చూపించేది సేఫ్టీ వీడియో కాదు, ఆ ఆల్బం.

"చూశావా విజయా? ట్రాఫిక్-ఫ్రీ అంటే ఇది. మనం కట్టేది ఇది," అన్నాడు నేను చేరిన వారంలో.

"ఈ పొలాలవాళ్ళు ఎటుపోయారు?" అన్నాను.

"మధ్యాహ్నం నిద్రపోతుంటారు," అని నవ్వాడు.

ఆఫీసులో ఇంకో ఆచారం ఉండేది. ఏటా మే నెలలో ఒక ఆదివారం బోర్డు సభ్యులూ ఉద్యోగులూ కలిసి కొత్తగా వేయబోయే కట్ట పొడుగునా నడిచేవారు. దాన్నే స్థల పరిశీలన అనేవారు. మేలో ఇల్లినాయ్ పల్లెలు పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి. చలి పోయి ఉంటుంది, దోమలు ఇంకా వచ్చి ఉండవు, చేలల్లో మొక్క చీలమండ ఎత్తు కూడా ఉండదు. అందరూ టోపీలు పెట్టుకుని, శాండ్‌విచ్‌లు తిని, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని ఇంటికి పోయేవారు. కోతల కాలంలో, అక్టోబరులో, అక్కడికి ఎవరూ వెళ్ళేవారు కాదు. అక్టోబరులో బడ్జెట్ మీటింగులుంటాయి.

అలా మే నెల కళ్ళతో చూసి మొదటి విడత బాట వేశారు. నేను చేరేసరికే అది పూర్తయింది. ఆ పొడుగునా రైతుల క్రాసింగులు మూసేసి, అడ్డంగా ఇనుప స్తంభాలు పాతారు. ఆ రైతులు పెద్దగా మాట్లాడలేదన్నారు. రెండో విడత నా చేతికిచ్చారు. అందులో వెండెల్ క్రాసింగ్ ఉంది. వెండెల్ మాట్లాడాడు.

"ట్యూలిప్‌ల్లాగా వస్తారు మీరు"

మొదటిసారి నేనూ మే నెలలోనే వెళ్ళాను. వెండెల్ షెడ్డు ముందు ఏదో యంత్రం కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నేను పేరు చెప్పి, కౌంటీ నుంచి వచ్చానన్నాను. కాళ్ళు కదల్లేదు.

"మే నెల కదూ?" అంది కింద నుంచి గొంతు.

"అవును."

"కౌంటీవాళ్ళు మేలోనే మొలుస్తారు. ట్యూలిప్‌ల్లాగా వస్తారు మీరు. మళ్ళీ కనబడరు."

"క్రాసింగ్ గురించి మాట్లాడదామని..."

"అక్టోబర్లో రండి, మాట్లాడదాం."

"అక్టోబర్లో ఏముంది?"

అప్పుడు బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి, టోపీ మీద విత్తనాల కంపెనీ బొమ్మ. నన్ను ఎగాదిగా చూశాడు. "మీ దేశంలో పంట ఏ నెలలో కోస్తారు?" అన్నాడు.

"ఏ పంట? మా గోదావరి జిల్లాల్లో రెండు కార్లు పండుతాయి."

"మరి అక్టోబర్లో ఏముందని అడుగుతారేంటి?"

నాకు కోపం వచ్చింది. ఆయన మాట న్యాయంగా ఉండటం వల్ల ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. సరేనని అక్టోబరులో వెళ్ళాను. బడ్జెట్ మీటింగ్ ఎగ్గొట్టి మరీ వెళ్ళాను.

ఆ ఏడాది పట్టాలు పీకే కాంట్రాక్టరు వెండెల్ క్రాసింగ్‌ని తవ్వి పడేశాడు. కాబట్టి మేము మూస్తే ఏం జరుగుతుందో ముందుగానే చూపించే ఏడాది అది. ఇటు చెక్క కోత అయిపోయింది. అటు చెక్కకి కంబైన్ వెళ్ళాలి. కట్ట మీద నుంచి అయితే అది ఇంటి గేటు దాటినంత పని. ఇప్పుడు పొలం చుట్టూ తిరిగి, స్టేట్ హైవే ఎక్కి, వంతెన దాటి పోవాలి.

వెండెల్ కంబైన్ ఎక్కాడు. అది రోడ్డెక్కితే ఒక వరుస చాలదు. పక్క వరుసలోకి ఒరుగుతుంది. వెనకాల ఎవరో ఒకరు లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ రావాలి. వాళ్ళకి పిల్లల్లేరు. కూలికి మనుషులు దొరకరు. కాబట్టి వెనకాల పికప్ ట్రక్కు తోలేది లోయిస్. పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుని కూర్చుంది.

"ఎక్కండి. బెల్టు పెట్టుకోండి," అంది నాతో.

నేను హైవేలు వేసిన దాన్ని. హైవే మీద నడక వేగంతో వెళ్ళడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. వెనక అద్దంలో కార్లు చిన్న చుక్కల్లా పుట్టి, చూస్తుండగానే పెద్దవయ్యేవి. కొందరు హారన్ కొట్టారు. ఒకాయన పక్క నుంచి పోతూ మధ్యవేలు చూపించాడు. లోయిస్ పట్టించుకోలేదు.

"హారన్లు వినబడటం లేదా మీకు?" అన్నాను.

"హారన్ కొట్టేవాళ్ళంటే నాకు భయం లేదండీ. వాళ్ళు నన్ను చూశారు. చూశారు కాబట్టే కొడుతున్నారు." అద్దం వైపు గడ్డంతో చూపించింది. "కొట్టనివాళ్ళని చూడండి. తల కిందికి దించుకుని వచ్చేవాళ్ళని. ఫోనులో ఏదో నొక్కుతుంటారు."

చిన్న ఎత్తు వచ్చింది. ఎత్తు దాటి దిగువకి వచ్చాక మేము వెనకవాళ్ళకి కనబడం. లోయిస్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని అద్దంలోకే చూస్తోంది. ఎత్తు మీద ఒక నల్ల కారు తేలింది. హారన్ లేదు. బ్రేకూ లేదు. లోయిస్ పికప్‌ని గడ్డిలోకి తిప్పింది. కారు మమ్మల్ని ఒరుసుకున్నంత దగ్గరగా దూసుకుపోయి, కంబైన్ చక్రం పక్కన వణికి, ఎదురుగా వస్తున్న ట్రక్కుకి వెంట్రుకవాసిలో తప్పుకుని వెళ్ళిపోయింది. నేను అరిచాను. ఏం అరిచానో తెలియదు కానీ తెలుగులో అరిచాను.

లోయిస్ కాసేపు స్టీరింగ్ మీద తల ఆనించి, తర్వాత పికప్ మళ్ళీ రోడ్డెక్కించింది.

"ఏమన్నారు మీరు?" అంది.

"వాడి అమ్మని తలుచుకున్నాను."

"ఇంకోసారి అనండి, నేర్చుకుంటాను," అంది.

పొలం చేరాక వెండెల్ కంబైన్ దిగి వచ్చాడు. గెలిచినవాడి ముఖం కాదు. భార్య వైపు చూసి, ఆవిడ తల ఊపాక, నా వైపు తిరిగాడు.

"ఇదంతా ముందే మా ఆఫీసుకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పాను. ఎమోషనల్ అవుతున్నానన్నారు."

మంగళవారం, ఆదివారం

మర్నాడే గ్లెన్ గదిలోకి వెళ్ళి క్రాసింగ్ ఉంచాలన్నాను.

"విజయా, మన దగ్గర ఉన్నది ఒక్కటే మాట. ట్రాఫిక్ లేని దారి. పిల్లల్ని తీసుకొచ్చే తల్లికి నేనేం చెప్పను? జాగ్రత్తమ్మా, ఇల్లంత యంత్రం అడ్డం వస్తుందనా?"

"అవును, అదే చెప్పండి. ఏడాదిలో కొన్ని రోజులు వస్తుంది, కనబడేంత పెద్దది, నత్తలా కదులుతుంది. తల్లి ఆగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు."

"ఫ్రాన్స్‌లో ఇన్నేళ్ళు తిరిగాను. ఆ దారుల మీద ఒక్క ట్రాక్టరు చూడలేదు."

"ఏ నెలలో తిరిగారు?"

"అది కాదు పాయింటు," అన్నాడు.

నాకైతే అదే పాయింటు. మరుసటి ఏడు మా పాతికేళ్ళ పెళ్ళిరోజు. మా ఆయన ప్రసాద్ ఐటీ మనిషి, రోజూ రైలెక్కి చికాగో వెళ్ళొచ్చేవారు. కూర్చున్నచోట కూర్చుని పనిచేయడం ఆయనకి ఇష్టం. పారిస్‌లో హోటల్ బుక్ చేస్తానన్నారు.

"పారిస్ వద్దండీ, బర్గండీ వెళ్దాం. సెప్టెంబర్‌లో. సైకిళ్ళు అద్దెకిస్తారు."

"సిల్వర్ జూబ్లీకి సైకిలా? ఎందుకు విజయా?"

"నాకు అక్కడ పనుంది."

"వెకేషన్లో పనేంటి?"

"మా బాస్ అబద్ధం చెప్తున్నాడో, ఆయనకే తెలియదో చూడాలి."

ఆయన నా ముఖం చూసి టికెట్లు బుక్ చేశారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న మంచి విద్య అది.

గ్లెన్ ఆల్బంలోని దారే వెతికి పట్టుకున్నాం. నిజంగా అందంగా ఉంది, అది కాదనను. తెల్లటి రాతిపొడి, గట్టిగా అణిగింది, వాలు సరిగ్గా ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో గీకి చూస్తుంటే, "ఫొటో తీస్తాను, చర్చి వైపు నిలబడమంటే నేలని గీరుతావేంటి!" అని ప్రసాద్ విసుక్కున్నారు. అప్పుడే మలుపులో నుంచి ట్రాక్టరు వచ్చింది. ద్రాక్ష వరసల మీదుగా దాటేలా పొడుగు కాళ్ళ మీద నిలబెట్టిన ట్రాక్టరు, వెనకాల ద్రాక్ష నింపిన తొట్టి. ప్రసాద్ సైకిల్‌తో సహా గడ్డిలోకి వెళ్ళిపోయారు.

"ట్రాఫిక్ లేదన్నావు!" అని గడ్డిలో నుంచి అరిచారు.

"నేననలేదు, గ్లెన్ అన్నాడు! ఉండండి, లేవకండి, ఫొటో!" అన్నాను.

ఆ రోజంతా వస్తూనే ఉన్నాయి. ట్రాక్టర్లు, కూలివాళ్ళ వ్యాన్లు, ఖాళీ తొట్లు. మేమే కాదు, సైకిళ్ళవాళ్ళందరూ ఆగి, పక్కకి ఒదిగి, చెయ్యి ఊపి, మళ్ళీ తొక్కుకుపోతున్నారు. ఎవరూ చావలేదు. ఎవరూ హారన్ కూడా కొట్టలేదు. రాత్రి మేము దిగిన ఇంటావిడని వచ్చీరాని ఫ్రెంచిలో అడిగాను, ఇది సైకిళ్ళ దారి కదా అని.

"కాదు మదామ్," అందావిడ కంచాలు తీస్తూ. "ద్రాక్షతోటల దారి. మీరు చుట్టాలు."

అది మంగళవారం. ఆదివారం వరకూ ఉండి మళ్ళీ అదే చోటికి వెళ్ళాను. అదే మలుపు, అదే గోడ, అదే చర్చి. పురుగు కూడా లేదు. గ్లెన్ ఆల్బంలో ఫొటో ఎంత ఖాళీగా ఉందో అంత ఖాళీ. అక్కడే నిలబడి ఇంకో ఫొటో తీశాను.

కాంక్రీటు పలక

టౌన్‌షిప్ హాల్లో బహిరంగ సభ పెట్టారు. మడత కుర్చీలు, పలచటి కాఫీ. గ్లెన్ ముందు వరుసలో, సైకిల్ క్లబ్బువాళ్ళు ఆయన వెనకాల, రైతులు గోడవారగా. వెండెల్ టోపీ తీయలేదు. లోయిస్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

సైకిల్ క్లబ్బు ఆయన లేచి, "మేము హెల్మెట్ పెట్టుకునేది కంబైన్ కింద పడటానికా?" అన్నాడు. జనం నవ్వారు.

"కంబైన్ కింద పడాలంటే మీరు చాలా కష్టపడాలి," అన్నాను. "అది వచ్చేది ఊరంతటికీ కనబడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఆగడమే. రెడ్ లైట్ దగ్గర ఆగే అలవాటుంటే ఇదీ వస్తుంది."

తర్వాత తెర మీద రెండు ఫొటోలు పక్కపక్కన వేశాను. ఆదివారం, మంగళవారం. హాల్లో గొణుగుడు మొదలైంది. నేను చెప్పింది ఇదే: ట్రాఫిక్ మాయమైపోదు. మనం బాట మీద నుంచి తోసేస్తే హైవే మీదికి పోతుంది. బాట మీద సైకిలువాడు ఒక నిమిషం ఆగాల్సిన అవసరం లేకుండా, హైవే మీద ఒక మనిషి ఆ యంత్రం వెనకాల తన బండిని అడ్డం పెట్టుకుని వెళ్తుంది. ఆ మనిషి ఈ గదిలోనే ఉంది. ట్రాఫిక్-ఫ్రీ అని బోర్డు పెట్టేముందు ఎవరికి ఫ్రీయో రాయండి.

లోయిస్ తల వంచుకుంది. వెండెల్ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అలా చేయడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గ్లెన్ లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. "ఇది నా మలుపు," అన్నాడు మెల్లిగా. తర్వాత, "ఏ రోజు తీశావు?"

"మంగళవారం. ద్రాక్ష కోతల్లో."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఫొటోలు ఆయనకి ముందుగా చూపించకుండా సభలో వేశానని తర్వాత నన్ను చాలామంది తప్పుపట్టారు. ముందే చూపిస్తే అవి ఆయన బల్ల సొరుగులో ఉండేవి. ఇప్పుడైనా అలాగే చేస్తాను.

కానీ గ్లెన్‌ని నేను గౌరవించేది ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి. సారీ అనలేదు, ప్రసంగం చేయలేదు. "అంత బరువుకి రాతిపొడి ఆగదు. కాంక్రీటు పలక ఎంత మందం వేద్దాం?" అన్నాడు. ఇంజినీరు దగ్గర ఓటమి ఒప్పుకోవాలంటే అదే మర్యాదైన పద్ధతి. ఆయన ఇంజినీరు కాకపోయినా ఆ రోజుకి అయ్యాడు.

క్రాసింగ్ దగ్గర కాంక్రీటు పలక వేశాం. గేటు పెట్టలేదు. రెండు పక్కలా పొదలు నరికించి దూరం నుంచే కనబడేలా చేశాం. స్టాప్ బోర్డు పొలంవైపు కాదు, బాట మీద సైకిళ్ళకి పెట్టాం. వెండెల్ తన వంటింటి బల్ల దగ్గర కొత్త ఒప్పందం మీద సంతకం పెడుతూ, "ఇది మీకోసం పెట్టడం లేదు," అన్నాడు.

"నాకోసం అక్కర్లేదు," అన్నాను.

"ఆ బాట నాకు ఇప్పటికీ ఇష్టం లేదు."

"ఇష్టపడమని ఎవరన్నారు?"

అంతే. ఎవరూ కరగలేదు. ఆ బల్ల మీద తినడానికి ఏమీ లేదు. బాట ప్రారంభోత్సవం కూడా మే నెలలోనే చేశారు. అలవాటు అంత తొందరగా పోదు. నేను మాత్రం అక్టోబరులో ఇంకోసారి వెళ్ళాను. కంబైన్ పలక మీద నుంచి దర్జాగా దాటుతోంది. సైకిళ్ళమీద వచ్చిన ఒక కుటుంబం ఆగి చూస్తోంది, చిన్నపిల్ల చెయ్యి ఊపుతోంది. లోయిస్ పికప్ పొలంగట్టున నిలిపి, తలుపు తీసుకుని, కాళ్ళు బయటికి పెట్టి కూర్చుని కాఫీ తాగుతోంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఏమీ తోచడం లేదు," అంది. "హారన్ కొట్టేవాళ్ళే లేరు."

ఇంకా తేలని సంగతి

అమ్మాయిలూ, మీకు ఈ ఉద్యోగంలో మంచి బాసులు దొరుకుతారు. చెడ్డవాళ్ళ కన్నా వాళ్ళతోనే ఎక్కువ వాదించాల్సి వస్తుంది, ఎందుకంటే వాళ్ళ కల అందంగా ఉంటుంది. ఆ కలని కోతల రోజుల్లోకి తీసుకెళ్ళి చూడండి. "ఎమోషనల్" అన్న మాట ఎవరి గురించి అన్నారో వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళండి. ఏదైనా మూసేసేటప్పుడు, అందులో నుంచి పోయేది ఇకనుంచి ఎటు పోతుందో అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలో నుంచి లేవకండి. మిమ్మల్ని గయ్యాళి అంటారు. నన్నూ అన్నారు. బాట బాగానే ఉంది.

నాకు మిగిలిపోయింది ఒకటుంది. మొదటి విడతలో మూసేసిన క్రాసింగుల్ని తెరవమని నేను రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నాను. గ్లెన్ అడ్డు చెప్పలేదు. బోర్డుకి పంపాడు కూడా. ప్రతిసారీ ఒకే జవాబు: ఆ రైతుల నుంచి ఫిర్యాదులేమీ లేవు. పాతిన స్తంభాలు పాతినట్టే ఉన్నాయి. అక్కడి మనుషులు పలుకుబడి ఉన్నవాళ్ళు కాదు, వెండెల్ అంత నోరున్నవాళ్ళు అసలే కాదు. కాగితం పంపితే సంతకం పెట్టారు.

ఆఖరి ఏడాది, అక్టోబరులో, ఆ మూసేసిన క్రాసింగుల వైపు కారులో వెళ్తున్నాను. ముందు పసుపు లైట్లు మిణుకుమిణుకుమంటూ ఒక పాత పికప్. దాని ముందు కంబైన్, రోడ్డంతా ఆక్రమించి. నేను వేగం తగ్గించి వెనకాలే ఉండిపోయాను. నా వెనకాల కార్లు చేరి హారన్లు మొదలుపెట్టాయి. పికప్ అద్దం దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తోలుతున్నది ఎవరో కనబడలేదు. తల మాత్రం సీటు అంచుకి పైన కొంచెమే తేలుతోంది. అవి పొలంలోకి మళ్ళేదాకా వెనకే వెళ్ళి, ఆగాలో వద్దో తెలియక, వెనకవాళ్ళ తొందరకి ముందుకి పోయాను.

ఆ బండిలో ఉన్నది ఎవరు, ఫిర్యాదు లేదని రాసుకున్నవాళ్ళలో ఒక్కరైనా వెళ్ళి ఆ మనిషిని అడిగారా?